గుండెల గోడ లేచే దినాలు

మా అక్క బిడ్డ ఆరడుగులు నడిచి గొంతుకు కూసునేది. మోకాళ్లు రొమ్ముకు ఆనించి, చేతులు రెండూ వాటి చుట్టు వేసుకొని, తల వంచి జరసేపు అట్లనే ఉండేది. మళ్ల లేచి ఇంకో ఆరడుగులు. వాకిట్ల కోడిపిల్ల వెంట పడ్డా అంతే, తల్లి పిలిస్తే పోవుడైనా అంతే.

"దానికి గదొక ఆట, తమ్మీ" అన్నది అక్క నవ్వుకుంట. "నడుమ నడుమ గట్ల కూసుంటది, ముసలవ్వ లెక్క."

నేను నవ్వలేదు. చేతిల జొన్న గట్క ముద్ద చేతిలనే ఉండిపోయింది. అప్పటికి రెండేండ్ల సంది నేను హైదరాబాదుల గుండె మీద పరిశోధన చేస్తున్న. మా లైబ్రరీల ఒక లావు పుస్తకంల ఈ కూసునుడు గురించి రాసి ఉన్నది, పక్కన బొమ్మ కూడ. పుట్టుకతోనే గుండెల లోపమున్న పిల్లలు నడిచి అలిసిపోతే ఇట్ల కూసుంటరని, ఎవరూ నేర్పకుండనే కూసుంటరని, అట్ల ముడుచుకుంటే ఊపిరితిత్తులకు జర ఎక్కువ నెత్తురు పోతదని. ఆ బొమ్మల పిల్లగాడు ఏ దేశపోడో. ఆ కూసునుడు మాత్రం అచ్చం ఇదే.

ముద్ద పళ్లెంల పెట్టి, చెయ్యి కడుక్కొని, పిల్లను ఒళ్లోకి తీసుకున్న. వేళ్ల చివర్లు గుండ్రంగ ఉబ్బి ఉన్నయి. గోర్ల కింద నేరేడు పండు రంగు. పెదవులు కూడ అదే రంగు. దాని వీపుకు చెవి ఆనిస్తే లోపల చప్పుడు కాదు, తలుపు సందుల గాలి కొట్టినట్టు ఒక ఊదుడు. దానికి రెండేండ్లు నిండి నెలయింది.

"ఏమైంది, గట్ల జూస్తున్నవ్?" అన్నది అక్క. నవ్వు పోయింది ముఖంల.

"ఏం లేదు. ఒకసారి హైదరాబాదు దవాఖానల చూపిద్దాం" అన్న.

అక్క నన్ను పెంచింది. అమ్మ పోయేనాటికి నాకు నాలుగేండ్లు, అక్కకు పది. బాపుకు గొర్ల మంద. ఎండకాలం వస్తే మందను తోలుకొని కృష్ణ ఒడ్డుకు పోయేటోడు, వానలు పడ్డంకనే మళ్ల ముఖం కనపడేది. నేను దేవరకొండల హైస్కూలు చదువుతున్నప్పుడు అక్క వారానికొక్కసారి జొన్నరొట్టెలు మూట కట్టుకొని నడిచి వచ్చేది. తాను బడి మెట్టు ఎక్కలేదు. తర్వాత ఆమెకు దేవరకొండ గుట్ట కింది పల్లెల పెండ్లి చేసిండ్రు. బావకు చారెడు చెలక ఉండె, వానల మీదనే సేద్యం. ఆ ఏండ్లల్ల కృష్ణ మీద డ్యాం కడుతుండ్రని కూలికి పోయి నెలకొకసారి వచ్చేటోడు. ఇంట్ల అక్క, ఆమె అత్త, పిల్ల.

ఈ పిల్లకు ముందు ఒక కొడుకు పుట్టిండు. పదకొండు దినాలు బతికిండు. రొమ్ము తాగుతనే నల్లబడి పోయిండు. గ్రహణం నాడు బయట తిరిగినవని అత్త అక్కనే అన్నది. నేను అప్పుడు డిగ్రీల ఉన్న. తర్వాత పరిశోధనకు చేరినప్పుడు మా సారు నా ముందర రెండు విషయాలు పెట్టిండు. ఒకటి చెరువు చేపల మొప్పల్లో ఉండే పురుగులు, రెండోది కోడిగుడ్డుల గుండె పుట్టుక. ఆలోచించుకోను వారం గడువిచ్చిండు. నేను అక్కడనే, నిలబడ్డ చోటనే గుండె అన్న. ఎందుకో సారుకు చెప్పలేదు. అక్కకూ చెప్పలేదు.

మా పని ఇట్ల ఉండేది. వేడి పెట్టెల గుడ్లు పెట్టి, ఒక్కో దినానికి ఒక్కో గుడ్డు పగలగొట్టి చూసేది. మొదలు గుండె అంటే ఏమీ లేదు, పొయ్యి ఊదే గొట్టం లెక్క ఒక సన్న గొట్టం. రెండో దినం అది ఒక పక్కకు వంగుతది. వంగకముందే కొట్టుకునుడు షురూ చేస్తది. తర్వాత ఆ ఒక్క గొట్టం లోపల గోడలు లేస్తయి. కింది నుంచి ఒకటి, పక్కల నుంచి ఇంకొన్ని వచ్చి నడుమ కలుస్తయి. అప్పుడు ఒక్క గది నాలుగు గదులైతది, చెడు నెత్తురు మంచి నెత్తురు వేరైతయి. కోడిపిల్లల ఇదంత నాలుగో దినం నుంచి ఎనిమిదో దినం లోపల అయిపోతది. మనిషి కడుపుల రెండో నెల దాటేసరికే అయిపోతది. శానమంది తల్లులకు అప్పటికి నెల తప్పిందన్న నమ్మకం కూడ కుదరదు.

నేను చేసేది ఏమంటే, మూడో దినం కొన్ని గుడ్లను వేడి పెట్టెలనుంచి తీసి కొన్ని గంటలు చల్లటి జాగల పెట్టి, మళ్ల లోపల పెట్టేది. ఎనిమిదో దినం గుండెను తీసి, మైనంల పోసి, కాగితం కన్న పలుచగ కోసి, అద్దపు పలక మీద పెట్టి, రంగు అద్ది సూక్ష్మదర్శిని కింద చూసేది. ఎండకాలం మైనం మెత్తబడి కత్తికి అంటుకునేది. బజార్ల ఐసుగడ్డ తెచ్చి, గోనెసంచిల చుట్టి, కత్తిని దాని మీద ఆనించి కోసేటోణ్ని. చల్లబడ్డ గుండెలల్ల కొన్నింటికి గోడ నడుమ రంధ్రం మిగిలిపోయేది. ఆ రంధ్రం కనబడ్డనాడు నాకు సంతోషమయ్యేది. ఈ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి వస్తలేదు.

దవాఖానల డాక్టరు పెద్దమనిషి. పిల్ల రొమ్ము మీద గొట్టం పెట్టి శానసేపు విన్నడు. ఎక్స్‌రే తీయించిండు. పిల్ల ఆయన మేజా మీది గంటను కొట్టుకుంట నవ్వుతాంది. ఆయన అక్కను కూసోబెట్టి, దాచకుండ చెప్పిండు.

"అమ్మా, గుండెల నడిమి గోడకు రంధ్రమున్నది. ఊపిరితిత్తులకు పోయే తొవ్వ ఇరుకున్నది. మందులతోటి పోయేది కాదు. ఆపరేషన్ ఉన్నది గని ఈడ లేదు. దక్షిణాన ఒక పెద్ద దవాఖానల షురూ చేసిండ్రు. బల్ల మీదికి పోయినోళ్లల్ల శానమంది మళ్ల లేస్తలేరు. ఇంత సన్నపిల్లకైతే వాళ్లు చెయ్యి పెట్టరు."

"మరేం జెయ్యాలె సారూ?"

"బరువు పెరగనియ్యాలె. ఊపిరాడక నీలంగైనప్పుడు మోకాళ్లు రొమ్ముకు నొక్కి పట్టాలె. దానంతట అదే నేర్సుకున్నది సూడు, గదే."

మా సారు ఆ దక్షిణపు దవాఖానకు తన పేరు మీద జాబు రాసిండు. నెల తర్వాత బదులు వచ్చింది. ఇంకా రెండు మూడేండ్లు ఆగి, బరువు పెరిగినంక తీసుకొని రమ్మని. అక్క నాతోటి ఆ జాబు మూడు సార్లు చదివించుకున్నది. మూడోసారి చదివినంక, "పెరగకపోతే?" అన్నది.

ఆ బదులు రాకముందే, దవాఖాన నుంచి వచ్చిన నాడే అక్క నా పని చూస్తనన్నది. "నువ్వు సదివేది గిదే గద? సూపియ్యి" అన్నది. పిల్లను ఎత్తుకొని మా ప్రయోగశాలకు వచ్చింది. అక్కడ అందరు చెప్పుల తోటి తిరుగుతుంటే తను మాత్రం గడప బయట చెప్పులు విడిచింది. నేను మూడో దినం గుడ్డు ఒకటి పగలగొట్టి గిన్నెల పోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టిన. అక్క ఒక కన్ను మూసుకొని వంగింది. శానసేపు లేవలేదు.

"కొట్టుకుంటాంది" అన్నది మెల్లగ. "గింతంత లేదు, కొట్టుకుంటాంది తమ్మీ."

తర్వాత నేను కోసిన ముక్కలు చూపించిన. ఇది మంచి గుండె, గోడ మూసుకున్నది. ఇది మూసుకోలేదు. ఆమెకు అర్థమైతాంది. అర్థమైతుంటే నాకు ఉత్సాహం పుట్టింది. ఎవరికీ చెప్పి ఎరుగని పని కద, అక్కకు చెప్తున్న.

"గిది ఎందుకు మూసుకోలే?"

"దీన్ని మూడో దినం నేనే చల్లగ పెట్టిన. గోడ లేచే యాళ్లకు చల్లబడితే కొన్నిట్ల అట్లైతది. ఎక్కువ వేడైనా అయితదని అంటరు."

అక్క పిల్లను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నది. "నాకు జరమొచ్చింది" అన్నది.

"ఎప్పుడు?"

"ఇది కడుపుల పడ్డ కొత్తల. ఆముదం చేన్ల కలుపు తీస్తాంటే వాన పట్టుకున్నది. తడిసిన చీరెతోనే పొద్దుమూకే దాక ఉన్న. మూడొద్దులు సలిజరం. అత్త పోవద్దనే అన్నది. నేనే ఇనలే." నా ముఖంలకు చూసింది. "దానివల్లనేనా?"

నేను అప్పుడు అక్క తమ్ముణ్ని కాదు. పుస్తకాల ముందట కూసున్నోణ్ని. ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్న చదువు నాది. జ్వరం వల్ల కాదని రుజువు ఎక్కడా లేదు. అవునని కూడ లేదు.

"కావచ్చు" అన్న.

అక్క మెల్లగ పిల్ల ముక్కు కొంగుతోటి తుడిచింది. బయటికి పోయి చెప్పులు తొడుక్కున్నది. సాయంత్రం బస్సెక్కించేదాక మామూలుగనే మాట్లాడింది, నాకు బట్టలు సరిగ్గ ఉతుక్కొమ్మని కూడ చెప్పింది. అందుకే నాకు తెలియలేదు.

రెండు నెలలైనంక బాపు హైదరాబాదుకు వచ్చిండు. జన్మల రాలేదు అప్పటిదాక. గొంగడి భుజం మీద వేసుకొని, కర్ర పట్టుకొని మా హాస్టలు వరండాల నిలబడి ఉన్నడు. కాళ్లు మోకాళ్ల దాక దుమ్ము.

"మీ అక్కకు నువ్వేం జెప్పినవ్ బిడ్డా?"

"ఏం జెప్పిన బాపూ?"

"తిండి ముడుతలేదు. ఒక్కపూట గట్క, అది గూడ గిన్నెల ఇడిసిపెడతది. అత్త మళ్ల గ్రహణమంటే, 'గ్రహణం గాదు, నేనే జేసుకున్న, నా తమ్ముడు సదివి జెప్పిండు' అన్నదట. కొడుకును గూడ తనే సంపుకున్ననంటాంది. వాని కడుపప్పుడు గూడ ఎండల పనికి పోయిందట."

నేను అక్కడనే మెట్టు మీద కూసున్న. అక్కను తిట్టినోళ్లను ఇన్నేండ్లు మనసుల తిట్టుకుంట వచ్చిన. వాళ్లెవరూ చెయ్యలేని పని నేను ఒక్క మాటతో చేసిన. గ్రహణమంటే అక్క నమ్మలేదు. నన్ను నమ్మింది.

బాపు నా పక్కన కూసున్నడు. "నాకు సదువు రాదు" అన్నడు. "ఒక్క ముచ్చట అడుగుత. పోయినేడు తిరుమలగిరి సంతకు పోయి వస్తాంటే వడగండ్ల వాన పడ్డది. మందకు మంద తడిసింది. సూడి గొర్లు శానున్నయి. వాటిల్ల ఒక్కటే వంకర కాలి పిల్లను ఈనింది. మిగిలినయన్నీ మంచిగనే ఈనినయి. అంతకుముందేడు వాననే లేదు. అప్పుడు గూడ ఒక్కటి గట్లనే పుట్టింది. గొర్రె తప్పేం జేసింది?"

బాపు అట్ల అడిగి గొంగడి సర్దుకున్నడు. నా వేడి పెట్టె యాదికొచ్చింది. ఎందుకంటే చల్లబెట్టిన గుడ్ల పక్కన, పోల్చి చూసుకోనీకి, నేను ఎప్పుడూ కొన్ని గుడ్లను ముట్టకుండ పెట్టేది. వాటిని చల్లబెట్టలేదు, కదిలించలేదు, వేడి ఒక్క తీరుగ ఉన్నది. వాటిల్ల కూడ ఒకటీ అరా రంధ్రమున్న గుండెలు వచ్చినయి. నా లెక్క పాడుచేస్తున్నయని వాటి మీద చిరాకు పడి పక్కకు పెట్టిన. ఏండ్ల సంది నా పలకల పెట్టెలనే ఉన్నయి. అక్క అడిగిన దినం అవి నాకు యాదికి రాలేదు.

బాపును బస్సెక్కించి నేను ప్రయోగశాలల కూసున్న. నాలుగు దినాలు ఆ పక్కకు పెట్టిన అద్దపు పలకలన్నీ మళ్ల చూసిన. ముట్టని గుడ్లల్ల గోడ మూసుకోని గుండెలు ఉన్నయి. చల్లబడినయే ఎక్కువ, నిజమే. కాని చల్లబడ్డా నిక్షేపంగ గోడ కట్టుకున్నయి ఇంకా ఎక్కువ. మంచి రంగు పట్టిన పలక ఒకటి ఏరుకున్న. ఎవరూ ఏమీ చెయ్యని గుడ్డుది అది. సారు దగ్గరికి పోయి అక్క కొడుకు ముచ్చట, అక్కకు నేనన్న మాట, అన్నీ చెప్పిన, మొదటిసారి. సారు కండ్లద్దాలు తీసి కండ్లు తుడుచుకున్నడు. బీరువలనుంచి పాత ఇత్తడి సూక్ష్మదర్శిని తీసి ఇచ్చిండు. దానికి కరెంటు అక్కర లేదు, కింద అద్దమున్నది, ఎండ పడితే చాలు. "పోయి చూపించు" అన్నడు.

ఒళ్లో పసిపిల్లను పట్టుకున్నట్టు దాన్ని పట్టుకొని దేవరకొండ దాక బస్సుల కూసున్న. జొన్న కంకులు పాలు పోసుకునే రోజులు. చెలకల గట్ల మీద తంగేడు పూసి ఉన్నది. బస్సు దిగి పల్లెకు నడుస్తుంటే ఎదురుంగ, ఆ ఊర్లనే ఇచ్చిన అక్క ఆడబిడ్డ ఉరుక్కుంట వస్తాంది.

"జల్ది రా అన్నా, పిల్ల నీలంగైంది."

పిల్ల అరుగు మీద అక్క ఒళ్లో ఉన్నది. పొద్దుటి సంది ఏడ్చిందట, ఏడ్చి ఏడ్చి ఊపిరి పట్టుకున్నది. ముఖం సిరా పోసినట్టున్నది. నేను సూక్ష్మదర్శినిని నేల మీద పెట్టి, పిల్లను తీసుకొని, మోకాళ్లు మడిచి రొమ్ముకు నొక్కి పట్టిన. జరసేపటికి రంగు కొంచెం మారింది. కండ్లు తెరిచింది. నన్ను చూసి, "మామా" అన్నది. అక్క ఏడ్పు నవ్వు కలిపి ఏదో అన్నది. నేను పట్టు వదలలేదు. నాకు తెలుసు, గోడకు ఎక్కడ రంధ్రమున్నదో, ఏ తొవ్వ ఇరుకున్నదో, నెత్తురు ఏ పక్కకు మళ్లుతున్నదో బొమ్మ గీసి చూపించగలను. నా చేతులకు మాత్రం మోకాళ్లు నొక్కి పట్టుడు ఒక్కటే చేతనైతది. మిట్టమధ్యాహ్నం దాక పట్టిన. దేవరకొండ దవాఖానకు పోదామని బండి కట్టిచ్చిన. బండి పల్లె దాటలేదు. నా చేతుల కిందనే పిల్ల మెత్తబడ్డది.

పిల్లను మట్టిల పెట్టి మూడు దినాలైనంక నేను సూక్ష్మదర్శినిని వాకిట్ల ఎండకు పెట్టి అక్కను పిలిచిన. "ఒక్కసారి చూడు. దీన్ని ఎవ్వరూ ముట్టలేదు. వాన లేదు, జరం లేదు, ఏమీ లేదు. ఐనా గిట్లైంది. నేను అప్పుడు చెప్పింది తప్పు."

అక్క రాలేదు. గడపల కూసొని దూరంనుంచే చూసింది.

"నా కోసమని జెప్తున్నవ్" అన్నది. "నువ్వు అప్పుడు నన్ను జూసి జెప్పలే తమ్మీ, సదువును జూసి జెప్పినవ్. గదే నిజం."

నేను ఒట్టు పెట్టుకున్న. చెయ్యి పట్టుకొని గుంజిన. సిగ్గు విడిచి ఏడ్చిన. ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది, చిన్నప్పుడు పెట్టినట్టే. చూడనీకి మాత్రం లేవలేదు.

రెండేండ్లకు నాకు పట్టా వచ్చింది. ముట్టని గుడ్ల గురించి నేను ఒక అధ్యాయం రాసిన. ఎందుకు అయితదో తెలియదని, కొన్ని ఏ కారణం దొరకకుండనే అయితయని రాసిన. పరీక్షించిన పెద్దమనిషి ఆ అధ్యాయం బలహీనంగ ఉన్నదన్నడు. మహబూబ్‌నగర్ల కాలేజీల పాఠాలు చెప్పే కొలువు దొరికింది. కోస్గి దిక్కు నుంచి వచ్చే పిల్లలు నా క్లాసుల ఎక్కువ.

ఆ ఏడే అక్కకు మళ్ల నెల తప్పింది. మూడో నెల దాక ఎవ్వరికీ చెప్పలేదు. చెప్పినంక వాన మబ్బు కనపడితే తలుపు పెట్టుకునేది. ఎండ పొడ తగలనియ్యలేదు. పొయ్యి దగ్గరికి కూడ పోలేదు, వేడి తగులుతదని. అత్తనే వండి పెట్టింది, కిక్కురుమనకుండ. నేను ప్రతి ఆదివారం బస్సెక్కి పోయేటోణ్ని. చెయ్యనీకి ఏమీ లేదు. అరుగు మీద కూసొని వచ్చేటోణ్ని. గుండె గోడ లేచే ఆ రెండు నెలలూ ఎప్పుడో గడిచిపోయినయని, మూసుకునేది మూసుకున్నదని, లేకుంటే లేదని నాకు తెలుసు. తెలిసి కూడ కూసున్న.

ఆడపిల్ల పుట్టింది. మూడో దినం నేను తెలిసిన డాక్టరు దగ్గర గొట్టం అడుక్కొని పోయిన. పిల్ల గోర్లు గులాబి రంగున్నయి. రొమ్ము మీద గొట్టం పెట్టిన. ఒక చప్పుడు, వెనుక ఒక చప్పుడు. నడుమ ఏమీ లేదు. ఊదుడు లేదు. అటు మార్చి ఇటు మార్చి వీపుకు పెట్టి విన్న.

"ఏమంటాంది?" అన్నది అక్క మంచంల నుంచి.

"మంచిగున్నది అక్కా. శుభ్రంగున్నది."

"ఒట్టా?"

"ఒట్టు."

అక్క పిల్లను తీసుకొని, చిన్న వేళ్లు ఒక్కొక్కటే విప్పి, పది గోర్లు వెలుతురుకు పెట్టి చూసింది. మరునాడు పొద్దుగాల మళ్ల చూసింది. ఏడాది దాక దినాం చూసేదని అత్త చెప్పింది. పిల్ల నడక నేర్చిన కాలంల అక్క దాని వెనుక వంగి నడిచేదట, ఎక్కడన్న కూసుంటదేమోనని.